లైనక్స్‌కు ఏ సౌండ్ కార్డ్? స్కార్లెట్ 2ఐ2 మూడో తరం, చాలాకాలం వాడాక

వాడకం ఇదీ: హన్మకొండలో ఒక చిన్న గది, జానపద పాటల రికార్డింగ్, మధ్యమధ్యలో వాయిస్ ఓవర్లు. సిస్టమ్ డెబియన్ 12 (ఒక రకం లైనక్స్), సౌండ్ సర్వర్ (ప్రోగ్రాములకూ కార్డ్‌కూ మధ్య ధ్వనిని నడిపేది) పైప్‌వైర్, రికార్డింగ్‌కు ఆర్డర్ (Ardour) అనే సాఫ్ట్‌వేర్. కార్డ్ అంటే యూఎస్‌బీతో గుచ్చే డబ్బా, ఫోకస్‌రైట్ కంపెనీ స్కార్లెట్ 2ఐ2, మూడో తరం.

తీర్పు ముందే చెప్పేస్తాను: లైనక్స్ వాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. కారణం దాని సౌండ్ ఒక్కటే కాదు, ఆ ధరలో అంత సౌండ్ ఇంకొన్ని కార్డులూ ఇస్తాయి. గెయిన్ (మైక్ సిగ్నల్‌ను పెంచే నాబ్), హెడ్‌ఫోన్ వాల్యూమ్, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైక్‌కు కావాల్సిన కరెంటు), డైరెక్ట్ మానిటర్ (మైక్ సౌండ్‌ను కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా చెవికి ఇచ్చేది), ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ అన్నీ డబ్బా మీదే ఉన్నాయి. కంపెనీ సాఫ్ట్‌వేర్ తెరవకుండానే పని మొత్తం జరుగుతుంది. నా లెక్కలో లైనక్స్‌కు కార్డ్ ఎంచుకునే కొలత ఇదే. అట్టపెట్టె మీద లైనక్స్ పేరు వెతకొద్దు, దాదాపు ఎవరూ వేయరు. యూఎస్‌బీ ఆడియో క్లాస్ ప్రమాణం (యూఎస్‌బీ సౌండ్ కార్డులన్నిటికీ ఉమ్మడి పద్ధతి) పాటిస్తుందా, నాబ్‌లు చేతికి అందుతాయా అన్న రెండే చూడండి. మొదటిది ఉంటే కెర్నల్‌ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) లోని ఎస్ఎన్‌డీ-యూఎస్‌బీ-ఆడియో డ్రైవరే దాన్ని పట్టుకుంటుంది, వేరే డ్రైవర్ ఎక్కించే పని లేదు. ఇది పాటించని కార్డుల సంగతి వేరు: యూనివర్సల్ ఆడియో అపోలో థండర్‌బోల్ట్ మోడళ్లు ఎంత గొప్పవైనా వాటికి కంపెనీ లైనక్స్ డ్రైవర్ ఇవ్వలేదు.

షాపులో అడిగితే "సార్, విండోస్‌ల పక్కా నడుస్తది" అన్న జవాబే వస్తుంది. వాళ్లను అడగడం కన్నా ఉబుంటు లేదా ఫెడోరా లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపేది), లాప్‌టాప్ వెంట తీసుకెళ్లడం మేలు. కార్డ్ గుచ్చి, ప్రాక్ ఫోల్డర్‌లో అసౌండ్ (/proc/asound), అందులో ఆ కార్డ్ ఫోల్డర్, దాంట్లో స్ట్రీమ్0 ఫైల్ తెరవండి. ప్లేబ్యాక్, క్యాప్చర్ రెండు భాగాలూ కనిపించాలి. ఫార్మాట్ దగ్గర ఎస్16 మాత్రమే ఉంటే అది 16 బిట్ల కార్డ్. ఎస్24 గానీ ఎస్32 గానీ ఉంటే 24 బిట్ల దారి తెరిచి ఉన్నట్టు. కింద ఏయే శాంపుల్ రేట్లు (సెకనుకు ఎన్నిసార్లు ధ్వనిని కొలుస్తుందో) ఇస్తుందో కూడా రాసి ఉంటుంది. ఈ కార్డ్ 192 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది, కానీ పాటకు 48 చాలు. మిగతాదంతా హార్డ్‌డిస్క్ నింపుకోవడమే.

కొత్త కార్డ్ గుచ్చగానే చిన్న పెన్‌డ్రైవ్‌లాగా కూడా కనిపిస్తే కంగారు పడొద్దు. రిజిస్ట్రేషన్ కోసం పెట్టిన మోడ్ అది. 48 వోల్టుల బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ గుచ్చి, 5 సెకన్లు ఉంచితే పోతుంది. అది పోయేదాకా కార్డ్ పూర్తి సత్తా బయటికి రాదు. ఎయిర్ (గొంతులో పై స్వరాలను తేటపరిచేది) లాంటి స్విచ్‌లు తెర మీద నుంచీ నొక్కాలంటే ఆల్సా-స్కార్లెట్-జీయూఐ అనే ప్రోగ్రాం ఉంది. మూడో తరానికి ఈ కంట్రోళ్లు కెర్నల్ 5.14లో వచ్చాయి, 6.7 నుంచి వాటంతట అవే పనిచేస్తాయి. డెబియన్ 12లో ఉన్నది 6.1 కాబట్టి మోడ్‌ప్రోబ్ సెట్టింగ్‌లో (డ్రైవర్ ఎక్కేటప్పుడు చదివే ఫైల్) డివైస్ సెటప్ 1 (device_setup=1) అని రాయాలి. రాయకపోయినా రికార్డింగ్ ఆగదు. నాలుగో తరం కొనేవాళ్లు 6.8 లేదా ఆపై కెర్నల్ చూసుకోండి.

ఇక సతాయించేవి. మొదటిది, మైక్ ఒక్క ఎడమ చెవిలోనే వినిపించడం. కార్డ్ పాడవలేదు. రెండు ఇన్‌పుట్లను సిస్టమ్ ఒక స్టీరియో జతగా చూస్తోంది, మైక్ ఒకటో ఇన్‌పుట్లో ఉంది, అంతే. వీడియో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మోనో టిక్ చేయండి. ఆర్డర్‌లో అయితే ట్రాక్‌ను మోనోగా తీసుకుని ఒకటో ఇన్‌పుట్‌కే కలపండి.

రెండోది, కాసేపు నిశ్శబ్దం తర్వాత ప్లే కొడితే మొదటి అక్షరం మింగేయడం. పైప్‌వైర్‌కు తోడుగా నడిచే వైర్‌ప్లంబర్ 5 సెకన్లు పని లేకపోతే కార్డ్‌ను పడుకోబెడుతుంది. సస్పెండ్ టైమౌట్‌ను 0 చేస్తే సరి. ఇక్కడ ఒక మెలిక ఉంది: వైర్‌ప్లంబర్ 0.4 వెర్షన్లో ఈ సెట్టింగ్ లువా ఫైల్‌లో రాయాలి, 0.5 నుంచి కాన్ఫ్ ఫైల్‌లో. పాత లువా ఫైల్‌ను కొత్త వెర్షన్లో అలాగే ఉంచితే అది ఎర్రర్‌తో ఆగదు, ఆ ఫైల్‌ను పట్టించుకోదు. సెట్టింగ్ మార్చినా మారలేదని తల పట్టుకునేది అందుకే.

మూడోది చిటపటలు. పైప్‌వైర్ మామూలు బఫర్ (ఒక్కోసారి పోగుచేసి పంపే శాంపుళ్ల సంఖ్య, తక్కువైతే ఆలస్యం తక్కువ) 1024, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 21 మిల్లీసెకన్లు. 256కు దించితే 5.3, 128కి 2.7. ఇది ఒక వైపు బఫర్ లెక్కే, రానూ పోనూ కలిపితే ఇంకా పెరుగుతుంది. టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ (pw-top) తెరిచి ఎర్రర్ కాలమ్‌లో అంకె పెరుగుతోందా చూస్తూ దించండి. పెరిగితే ముందు యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కు గుచ్చండి, తర్వాతే బఫర్ పెంచండి. పాడేవాళ్ల చెవికి డైరెక్ట్ మానిటర్ బటన్ ఉండగా బఫర్‌ను 64కు దించాలని పాకులాడటం దండగ.

డప్పు సంగతి విడిగా చెప్పాలి. మంట సెగకు కాచిన డప్పు మీద చిటికెన పుల్ల పడ్డ క్షణం చాలా పదును. గెయిన్ నాబ్ చుట్టూ వలయం పచ్చగానే కనిపిస్తుంది, ఆ ఒక్క దెబ్బకు మాత్రం ఎర్రగా మెరిసి మాయమవుతుంది. ఆ మెరుపు తప్పిపోతే తర్వాత ఎడిటింగ్‌లో బాగుచేయలేం. ఈ కార్డ్‌లో మైక్‌కు ప్యాడ్ స్విచ్ (గట్టి సౌండ్‌ను తగ్గించి లోపలికి పంపేది) లేదు, అదే నాకు నచ్చని లోటు. మైక్ మూడు నాలుగడుగుల దూరం జరిపి, ఆర్డర్ మీటర్‌లో పీక్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెట్టండి. రిహార్సల్ దెబ్బలు నమ్మొద్దు, పాట ఊపులో పడ్డాక చెయ్యి ఎప్పుడూ గట్టిగానే పడుతుంది.

హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తే లైనక్స్‌ను తిట్టే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. బ్యాటరీ మీద హమ్ పోతే తప్పు ఎర్తింగ్‌ది లేదా చార్జర్‌ది, డ్రైవర్‌ది కాదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడే హమ్ మొదలైతే అది స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయి ఉండొచ్చు. అప్పుడు చార్జర్ తీసేసి బ్యాటరీ మీదే టేక్ పూర్తి చేయండి. ఈ కార్డ్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది కాబట్టి దానికి వేరే అడాప్టర్ బెడద లేదు.