పాత మియాటాకు ఏ ఎల్‌ఎస్‌డీ మేలు: విస్కస్సా, టోర్సెనా, క్లచ్ రకమా?

అమెరికాలో 1990ల నాటి మజ్డా మియాటా, అంటే వెనక చక్రాలతో నడిచే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, చేతికి వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఇంజిన్ బలాన్ని వెనక రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె డిఫరెన్షియల్. ఒక చక్రం జారినా బలమంతా దానికే పోకుండా ఆపే రకం డిఫరెన్షియలే ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్). ఉన్న విస్కస్ ఎల్‌ఎస్‌డీతోనే నెట్టుకురావాలా, టోర్సెన్ వెతికి పట్టుకోవాలా, ఏకంగా క్లచ్ రకమే వేయించాలా? చాలామంది పట్టు ఎక్కువ దేనికుంటుందని చూస్తారు. ముప్పై ఏళ్లు దాటిన బండికి అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: లోపల అరుగుదల మొదలయ్యాక అది ఏమవుతుంది, బాగుచేసుకునే దారి ఉంటుందా? మూడూ విడిపోయేది ఇక్కడే.

విస్కస్ 1990–93 నాటి 1.6 లీటర్ల బండ్లలో వచ్చింది. వాటి డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు, అంటే క్రౌన్ వీల్, 6 అంగుళాలది. పలకల మధ్య సీలు చేసిన సిలికాన్ ద్రవం పట్టునిస్తుంది కాబట్టి చక్రం కాస్త జారాకే పని మొదలవుతుంది. కొత్తలో అది పెద్ద లోపం కాదు. అసలు ఇబ్బంది ఆ ద్రవం వయసుతోనూ వేడితోనూ చెడిపోవడం. హౌసింగ్‌లో (డిఫరెన్షియల్ బయటి పెట్టెలో) గేర్ ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా సీలు లోపలి ద్రవం మారదు. విప్పి బాగుచేసే వీలూ ఉండదు.

మీ బండిలోది బతికుందో లేదో చూడాలంటే ముందరి చక్రాలకు అడ్డు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలపండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది అదే దిక్కున తిరిగితే విస్కస్‌లో ఇంకా ప్రాణముంది. అడ్డూ ఆపూ లేకుండా ఎదురు దిక్కున తిరిగితే అది ఓపెన్ (ఎల్‌ఎస్‌డీ లేని మామూలు) డిఫరెన్షియల్ అయినా అయుండాలి, పనయిపోయిన విస్కస్ అయినా అయుండాలి. టోర్సెన్‌ను మాత్రం ఈ ఒక్క పరీక్షతో తేల్చకండి.

టోర్సెన్ 1994 నుంచి, 1.8 లీటర్ల ఇంజిన్‌తో పాటు 7 అంగుళాల క్రౌన్ వీల్ ఉన్న పెద్ద డిఫరెన్షియల్‌లో వచ్చింది. లోపల పలకలు లేవు, ద్రవం లేదు, ఉన్నవన్నీ గేర్లే. టార్క్ (తిప్పే బలం) పెరిగేకొద్దీ ఆ గేర్లు పక్కలకు ఒత్తుకుంటాయి. ఆ రాపిడే పట్టు. చక్రం జారేదాకా ఆగదు, జారబోతుండగానే పట్టు నిలిచిన చక్రానికి ఎక్కువ టార్క్ పంపుతుంది. సరైన ఆయిల్‌లో ఉంటే ఏళ్ల తరబడి ఒకే తీరున పనిచేస్తుంది. రోడ్డు మీద తిరిగే పాత మియాటాకు నా ఓటు టోర్సెన్‌కే.

దానికీ ఒక హద్దుంది. టోర్సెన్ చేసేది గుణకారం. రెండో చక్రానికి ఎన్ని రెట్లు పంపగలదో చెప్పే నిష్పత్తి 2.5 అనుకుందాం. పట్టు తక్కువున్న చక్రం 100 న్యూటన్ మీటర్లు భరిస్తే రెండోదానికి 250 దాకా వెళ్తుంది. మొదటి చక్రం గాల్లోకి లేస్తే? సున్నాను ఎంతతో గుణించినా సున్నానే. ఏటవాలు డ్రైవ్‌వేలోకి మూలగా ఎక్కేటప్పుడు, లేదా వెనక లావైన యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) వేసి ఆటోక్రాస్ (కోన్ల మధ్య గడియారంతో పోటీపడే ఆట) మలుపుల్లో లోపలి చక్రం లేచేటప్పుడు టోర్సెన్ దాదాపు ఓపెన్‌లా మారిపోతుంది. డ్రైవ్‌వేలో అయితే హ్యాండ్ బ్రేక్ రెండు మూడు పళ్లు లాగితే లేచిన చక్రానికి అడ్డు దొరికి రెండోది కదులుతుంది. ఆటోక్రాస్‌లో అయితే మొదట వెనక బార్‌ను మార్చి సన్నది వేసి చూడండి.

ఎంత చేసినా చక్రం లేస్తూనే ఉంటే, వారం వారం ట్రాక్‌కు వెళ్తుంటే, అప్పుడు క్లచ్ రకం సరైనది. అందులో ఒకదానికొకటి రాసుకునే పలకలు పట్టునిస్తాయి. వాటిని ఎప్పుడూ కొంత నొక్కిపట్టే బలం, అంటే ప్రీలోడ్, ఉంటుంది కాబట్టి చక్రం గాల్లో ఉన్నా కొంత పట్టు మిగులుతుంది. 1 వే యాక్సిలరేటర్ తొక్కినప్పుడే పట్టుకుంటుంది, 2 వే వదిలినప్పుడూ అంతే గట్టిగా పట్టుకుంటుంది, 1.5 వే వదిలినప్పుడు కొంత తక్కువగా. రోడ్డు మీదా నడిపే బండికి 1.5 దాటక్కర్లేదు. పలకలు అరిగేవే కాబట్టి ప్రీలోడ్‌ను కొలుస్తూ ఉండాలి. ఒక వెనక చక్రం నేల మీద, రెండోది గాల్లో ఉంచి, న్యూట్రల్‌లో, లేచిన వైపు హబ్ నట్‌కు టార్క్ రెంచ్ వేసి తిప్పండి. కదిలే క్షణంలో చూపే అంకె రాసిపెట్టుకోండి. ఏటా అది పడిపోతుంటే పలకలు మార్చే రోజు దగ్గరపడినట్టే. కొత్తది వేశాక ఖాళీ స్థలంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో అరగంట తిప్పి, వెంటనే ఆయిల్ మార్చాలి. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కటకటమంటే పలకలు అంటుకుని వదులుతున్నాయని అర్థం. ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ (రాపిడి తగ్గించే మందు) కొద్దికొద్దిగా కలపండి, ఒకేసారి సీసా మొత్తం పోస్తే పట్టే పోతుంది.

అదే మాడిఫయర్‌ను టోర్సెన్‌లో పోసేవాళ్లు చాలామంది. ఎల్‌ఎస్‌డీ అన్న పేరు చూసి పోస్తారు. రాపిడి మీద బతికే యంత్రంలో రాపిడి తగ్గించే మందు పోస్తే పట్టు తగ్గక ఏమవుతుంది? టోర్సెన్‌కు మామూలు జీఎల్-5 రకం 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ చాలు. 7 అంగుళాలదానికి సుమారు లీటరు, 6 అంగుళాలదానికి 0.65 లీటరు పడుతుంది. ముందు పైనున్న ఫిల్ ప్లగ్ వదులు చేసి, ఆ తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్ విప్పండి. ఆయిల్ మొత్తం దింపాక పై ప్లగ్ రానని మొండికేస్తే బండి కదలదు. ప్లగ్‌లను 40–54 న్యూటన్ మీటర్లకు బిగిస్తే సరిపోతుంది.

ఇక మిగతావి. రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్‌ను వెల్డ్ చేయించడం రోడ్డు బండికి వద్దు, ప్రతి మలుపులో టైరు ఈడ్చుకుపోతుంది, భారం హాఫ్ షాఫ్ట్‌ల (డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీల) మీద పడుతుంది. టోర్సెన్‌లాగే గేర్లతో పనిచేసే చవక హెలికల్ నకళ్లు కొంటే విప్పి బోల్టులూ వాషర్లూ మంచివి వేశాకే బిగించండి.

1.6 బండికి టోర్సెన్ వేయాలంటే లోపలి భాగం ఒక్కటే మారిస్తే కుదరదు. 7 అంగుళాల డిఫరెన్షియల్ హౌసింగ్‌తో సహా, దానికి సరిపడే హాఫ్ షాఫ్ట్‌లు, గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కావాలి. మూడూ ఒకే బండి నుంచి తీసుకుంటే వాటిని కలిపే ఫ్లాంజ్‌లు (బోల్టులు పట్టే అంచులు) సరిపోని తంటా ఉండదు. కొనబోయే పాత డిఫరెన్షియల్ డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం చూడండి. బూడిదరంగు ముద్ద ఉంటే పర్వాలేదు, ముక్కలు ఉంటే వదిలేయండి. గేర్‌బాక్స్‌నూ డిఫరెన్షియల్‌నూ కలిపే పీపీఎఫ్ అనే పొడవాటి చట్రం విప్పేముందు గేర్‌బాక్స్ తోక కింద జాకీ పెట్టండి, ఎత్తు కొలిచి రాసుకోండి. తిరిగి వేసేటప్పుడు ఆ ఎత్తు తప్పితే వేగం మీద వణుకు వస్తుంది. హౌసింగ్ చేతుల్లోని రబ్బరు బుష్‌లు పగిలుంటే ఇప్పుడే మార్చండి. గేరు పడిన ప్రతిసారీ వినిపించే ఠక్కుమన్న చప్పుడు చాలావరకు వాటిదే.

డిఫరెన్షియల్ గేర్ నిష్పత్తి సంగతీ చూసుకోవాలి, అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్నది. 1.6 మాన్యువల్‌లో 4.30, 1994–97 మాన్యువల్‌లో 4.10. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి నడుస్తుంది కాబట్టి 4.10 వేశాక అసలు వేగం కన్నా సుమారు 5 శాతం తక్కువ చూపిస్తుంది. గేర్‌బాక్స్‌లోని స్పీడో గేరు మారిస్తే సర్దుకుంటుంది. 4.30 నే ఉంచుకోవాలంటే 1999–2000 ఐదు గేర్ల బండిది వెతకండి.

బిగించేముందే పక్కనున్న రెండు ఆయిల్ సీళ్లూ మార్చండి, బండి కిందికెళ్లాక అది పెద్ద పని. పినియన్ (క్రౌన్ వీల్‌ను తిప్పే చిన్న గేరు) సీలు కూడా మారిస్తే, దాని నట్ విప్పేముందు నట్ మీదా షాఫ్ట్ మీదా గీత గీసి, చుట్లు లెక్కపెట్టి, తిరిగి సరిగ్గా ఆ గీతకే తెచ్చి ఆపండి. లోపల నలిగే స్పేసర్ ఉంది, గీత దాటి బిగిస్తే అది ఇంకా నలిగి బేరింగ్‌ల మీద భారం పెరుగుతుంది. మళ్లీ వెనక్కి వదులు చేసినా నలిగిన స్పేసర్ సాగదు, కొత్తది వేసి బేరింగ్‌ల ప్రీలోడ్ మొదటినుంచి పెట్టాల్సిందే.