మంచులో లక్ష మంది మధ్య హాకీ: ఆన్ ఆర్బర్ ప్రయాణం, ఒక హోటల్ మోసం

2014 జనవరి 1న అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో జరిగిన వింటర్ క్లాసిక్, అంటే ఎన్‌హెచ్ఎల్ (ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగ్) ఆరుబయట ఆడించే మ్యాచ్, చూసి వచ్చి పది రోజులైంది. వేళ్ల తిమ్మిరి మర్నాడే పోయింది గానీ, ఆ హోటల్ మీద కోపం ఇంకా పోలేదు. మ్యాచ్ ఎంత గొప్పగా ఉందో హోటల్ అంత అన్యాయంగా ఉంది. ఇలాంటి మ్యాచ్‌కి వెళ్దామనుకునే మనవాళ్లకి పనికొస్తుందని రెండూ రాస్తున్నాను.

మేముండేది కెనడాలో, టొరంటో పక్కనున్న మిసిసాగాలో. పన్నెండేళ్లుగా నాకు టొరంటో హాకీ జట్టు మేపుల్ లీఫ్సే లోకం. మా బావమరిది డెట్రాయిట్‌లో వేన్ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాడు, ఆ రెండేళ్లలో వాడికి ఆ ఊరి జట్టు రెడ్ వింగ్స్ పిచ్చి పట్టింది. ఇప్పుడు ఉద్యోగం కొలంబస్‌లో. ఆ ఊరికి సొంత టీమ్ ఉన్నా వాడు మాత్రం మారలేదు. ఏ పండక్కి కలిసినా మా ఇద్దరికీ ఇదే వాదన. 1942 స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్ఎల్ ట్రోఫీ) ఫైనల్లో మీ డెట్రాయిట్ మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిచి, తర్వాత వరసగా నాలుగు ఓడింది, కప్పు మాదే అని నేనంటాను. "నిజమే బావా, కానీ 1967 తర్వాత మీ ఇంటికి కప్పు వచ్చిందా? మాకు 2008లో కూడా వచ్చింది" అంటాడు వాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా రెండు జట్ల ఈ మ్యాచ్ అసలు 2013 జనవరి 1నే జరగాల్సింది. యజమానులకీ ఆటగాళ్లకీ ఒప్పందం కుదరక లాకౌట్ వచ్చి రద్దయింది. అందుకని ఏడాది ఎక్కువ ఎదురుచూశాం. 2008లో బఫెలోలో మొదలైన ఈ వింటర్ క్లాసిక్‌లో ఒక కెనడా జట్టు ఆడడం ఇదే మొదటిసారి. పైగా ఎన్నో ఏళ్లు లీగ్‌లో వేరే సగంలో (కాన్ఫరెన్స్‌లో) ఉన్న డెట్రాయిట్ ఈ సీజన్‌లోనే మా గ్రూపులోకి (డివిజన్‌లోకి) వచ్చింది. డిసెంబర్‌లో హెచ్‌బీఓ టీవీలో ఈ రెండు జట్ల మీద వచ్చిన ట్వంటీఫోర్ సెవెన్ సీరీస్ చూస్తూ ఇంట్లో అందరం వేడెక్కి ఉన్నాం. టికెట్లు బావమరిది కొన్నాడు, ఒక్కొక్కటి 185 డాలర్లు, నలుగురికి 740. వాడితో పాటు నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా వాడు.

డిసెంబర్ 31 పొద్దున ఏడింటికి బయల్దేరి 401 హైవే మీద సరిహద్దు ఊరు విండ్సర్ చేరాం. దారి మామూలే. అక్కడి నుంచి డెట్రాయిట్‌కి దాటే అంబాసిడర్ బ్రిడ్జి దగ్గర యాభై నిమిషాలు పట్టింది. మా ఆవిడది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే కాబట్టి లోపలికి పిలిచి ఆరు డాలర్లు కట్టించుకుని ఐ-94 అనే ప్రవేశ అనుమతి కాగితం ఇచ్చారు. ఆ ఆఫీసర్ మా వాడి నీలం లీఫ్స్ జెర్సీ చూసి, "నిన్ను లోపలికి పంపాలా వద్దా అని ఆలోచిస్తున్నాను" అని నవ్వాడు. అంతకుముందు నుంచీ టెన్షన్ పడుతున్న మా ఆవిడ ముఖం అప్పుడు తేరుకుంది. డెట్రాయిట్‌లో కొమెరికా పార్క్‌లో, అంటే బేస్‌బాల్ మైదానంలో, పాత ఆటగాళ్ల మ్యాచ్ పెట్టారు. రెడ్ వింగ్స్ పాత హీరోలు స్టీవ్ యైజర్‌మన్, నిక్లస్ లిడ్‌స్ట్రోమ్ స్కేట్స్ కట్టుకుని వస్తుంటే మా బావమరిది కళ్లు తుడుచుకున్నాడు. వాణ్ణి అలా చూడడం నాకు అదే మొదటిసారి.

ఇక హోటల్ సంగతి. సెప్టెంబర్‌లోనే రెండు గదులు, రెండు రాత్రులకి బుక్ చేశాను. గదికి రోజుకి 89 డాలర్లు. పన్నుతో కలిపి రెండు గదులకీ మొత్తం 395 డాలర్ల 16 సెంట్లు. కన్ఫర్మేషన్ మెయిల్ ప్రింటు తీసి పెట్టుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకి పిల్లాడు నిద్రకి తూలుతుంటే కౌంటర్ దగ్గరికి వెళ్లాం. అక్కడున్న కుర్రాడు చాలాసేపు తెర వైపు చూసి, మీ పేరు మీద ఏమీ లేదన్నాడు. ప్రింటు ముందు పెడితే, ఆ రేటు పొరపాటున పడింది, మేనేజర్ అలాంటి బుకింగ్‌లన్నీ తీసేశారు, మీకు మెయిల్ వచ్చే ఉంటుంది అన్నాడు. రాలేదు. ఇప్పుడు గది ఉందా అంటే ఒక్కటే ఉంది, రోజుకి 259 అన్నాడు. అంటే మ్యాచ్ దగ్గరపడి జనం ఎగబడేసరికి, ముందు తక్కువకి బుక్ చేసుకున్నవాళ్లని తీసేసి అవే గదులు మూడు రెట్లకి అమ్ముకున్నారన్న మాట. మా పక్కన కెనడాలోని లండన్ (ఒంటారియో) నుంచి వచ్చిన ఒక పెద్దాయనకీ అదే జరిగింది. ఆయనకి ఆ ఒక్క గదీ దొరకలేదు. ఆ చలిలో భార్యని తీసుకుని మళ్లీ కారెక్కాడు. ఆ దృశ్యం తల్చుకుంటే ఇప్పటికీ మనసు బాధగా ఉంటుంది.

మేనేజర్‌తో మాట్లాడతానంటే ఫోన్ ఎత్తలేదు. చుట్టుపక్కల ఎక్కడా గదుల్లేవు. కార్డు గీకాను. రెండు రాత్రులకి 574 డాలర్ల 98 సెంట్లు, అదీ నలుగురికి ఒకే గది. అప్పటికి కెనడా డాలర్ 94 అమెరికా సెంట్లే, కాబట్టి నాకు ఇంకా ఎక్కువే పడింది. గదిలో కిటికీ కింద ఉన్న హీటర్ పెద్ద చప్పుడు చేస్తూ చల్లగాలి విసురుతోంది. రెండు సార్లు కిందికి వెళ్లి చెప్తే ఒక దుప్పటి ఇచ్చారు. తలుపు కింద సందులోంచి గాలి వస్తుంటే మా ఆవిడ స్నానాల తువ్వాలు చుట్టి అక్కడ కుక్కింది. "ఏవండీ, కొత్త సంవత్సరం ఇలా మొదలైందేంటండీ" అంది, అంతకుమించి ఒక్క మాట అనలేదు. బావమరిది కోటు వేసుకునే నేల మీద పడుకున్నాడు. పొద్దున ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ అన్నచోట ఏడున్నరకే అట్ల పిండి అయిపోయింది, కాఫీ ఒక్కటే మిగిలింది.

అందుకని చెప్తున్నాను. ఇలాంటి మ్యాచ్‌లకి ముందుగా బుక్ చేసుకుంటే సరిపోదు. వారం ముందు ఫోన్ చేసి బుకింగ్ ఉందో లేదో కనుక్కోండి, మాట్లాడినవాళ్ల పేరు రాసుకోండి. అసలు హోటల్లోనే దిగాలన్న పట్టు వద్దు. డెట్రాయిట్ దగ్గరి నోవై, కాంటన్ లాంటి చోట్ల మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, తెలిసినవాళ్లుంటే మొహమాటం లేకుండా అడగండి. నేను క్రెడిట్ కార్డ్ కంపెనీకి కాగితాలన్నీ పంపాను, జవాబు కోసం చూస్తున్నాను.

మ్యాచ్ ఒంటిగంటకి. తొమ్మిదిన్నరకే బయల్దేరాం. అప్పటికే మంచు దట్టంగా పడుతోంది. ఇరవై కిలోమీటర్లకి రెండు గంటలు పట్టింది. స్టేడియంకి దూరంగా ఒక ఇంటావిడ తన పెరట్లో 50 డాలర్లకి కారు పెట్టుకోనిచ్చింది. ఈ ప్రయాణంలో నేను ఆనందంగా ఇచ్చిన డబ్బులు అవే. ఎందుకంటే ఆవిడ మా బూట్లు చూసి తల అడ్డంగా ఊపి, గరాజ్‌లోంచి అట్టపెట్టెలు తెచ్చి నాలుగు ముక్కలు కోసి ఇచ్చింది. బెంచీల దగ్గర కాళ్ల కింద వేసుకోండి, లేకపోతే కాంక్రీటు చల్లదనం కాళ్లలోకి ఎక్కేస్తుంది అని చెప్పింది. ఆ అట్టముక్కలే లేకపోతే మేం ఆటలోని మూడు పీరియడ్లలో రెండో దానికే లేచి వచ్చేసేవాళ్లం. రెండు జతల మేజోళ్లు, జేబులో పెట్టుకునే వేడి పొట్లాలు, ఒక అట్టముక్క, ఈ మూడూ లేకుండా బయట ఆడే హాకీకి వెళ్లొద్దు.

మ్యాచ్ జరిగిన మిషిగన్ స్టేడియం 1927లో కట్టింది. అందరూ బిగ్ హౌస్ అంటారు. బయట నుంచి అంత పెద్దగా అనిపించదు, ఎందుకంటే చాలా భాగం నేల మట్టం కంటే కిందికి ఉంది. గేటు దాటి మెట్ల అంచుకి వచ్చేసరికి ఒక్కసారిగా లోయ తెరుచుకున్నట్టు ఉంటుంది. మా వాడు "నాన్నా!" అని ఆగిపోయాడు. అడుగున మధ్యలో అగ్గిపెట్టంత రింక్. దాని చుట్టూ సగం ఎరుపు, సగం నీలం. ఆ రోజు ప్రకటించిన సంఖ్య 1,05,491. మా సీట్లు 72వ వరుసలో. కింద వరుసలకి ఎక్కువ పెట్టి కొనొద్దని గట్టిగా చెప్తాను. రింక్ చుట్టూ ఉండే బోర్డులు అడ్డొచ్చి అక్కడ పక్ (ఈ ఆటలో బంతికి బదులు కొట్టే నల్ల బిళ్ల) కనపడదు. పై నుంచి ఆట మొత్తం కనిపిస్తుంది, చిన్నగా అయినా సరే.

ఆట మొదలయ్యేసరికి 13 ఫారెన్‌హీట్, అంటే సున్నా కింద పదిన్నర సెల్సియస్. మంచు ఒక్క నిమిషం ఆగలేదు. ఆట ఆగినప్పుడల్లా పారలు పట్టుకుని మనుషులు వచ్చి ఐస్ మీద మంచు తోసుకెళ్లేవాళ్లు. రెండు నిమిషాలకే మళ్లీ తెల్లగా అయిపోయేది. గట్టిగా కొట్టిన పక్ కూడా మంచులో చిక్కుకుని మధ్యలో నిలిచిపోయేది. ఎన్‌హెచ్ఎల్ ఆటగాళ్లు చెరువు మీద ఆడుకునే పిల్లల్లాగా దాన్ని వెతుక్కునేవాళ్లు. మిసిసాగాలో ఆరుబయట రింక్ మీద మంచు పడే రోజున మా వాడూ వాడి స్నేహితులూ ఆడేది అచ్చం ఇలాగే. ఈ ఆట పుట్టింది గడ్డకట్టిన చెరువుల మీదే కదా. మా గోలీ (గోల్‌కీపర్) జొనాథన్ బెర్నియర్ మాస్క్ పైన ఉన్ని టోపీ కూడా పెట్టుకున్నాడు. చూసి మా ఆవిడకి ఎంత ముద్దొచ్చిందో.

ఒక చప్పుడు నాకు చెవుల్లో ఉండిపోయింది. లక్ష మంది చప్పట్లు కొడుతున్నారు, అందరి చేతులకీ మందపాటి గ్లవ్స్. చప్పట్ల శబ్దం రాదు, ఎక్కడో బియ్యం బస్తాలు వరసగా దింపుతున్నట్టు ధబ్ ధబ్ ధబ్ అని వస్తుంది. దాని మీద ఒక పక్క "గో లీఫ్స్ గో", ఇంకో పక్క "లెట్స్ గో రెడ్ వింగ్స్". ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు. నా వెనక ఎర్ర జెర్సీ ఆయన మా వాడికి తన వేడి పొట్లం ఒకటి ఇచ్చాడు.

రెండో పీరియడ్‌లో మొదటి గోల్ డేనియల్ ఆల్‌ఫ్రెడ్‌సన్ కొట్టాడు. ఏళ్ల తరబడి ఒటావా జెర్సీలో మా మీద ఆడి ఏడిపించిన మనిషి, డెట్రాయిట్ వచ్చీ వదల్లేదు. బావమరిది నన్ను వాటేసుకుని మరీ కేకలు పెట్టాడు. ఆ పీరియడ్ ఇంక ముగుస్తుందనగా మా జేమ్స్ వాన్ రీమ్స్‌డైక్ సమం చేశాడు. నిజం చెప్పాలంటే ఆ గోల్ నేను చూడలేదు. నీలం సగమంతా ఒక్కసారిగా పైకి లేవడం చూశాను, అంతే, నేనూ లేచాను. మూడో పీరియడ్‌లో టైలర్ బోజాక్ మమ్మల్ని ముందుకి తెస్తే, జస్టిన్ అబ్దెల్‌కేడర్ మళ్లీ సమం చేశాడు. ఆ పీరియడ్ సగంలో ఆట ఆపి జట్లు వైపులు మార్చుకున్నాయి. గాలి ఒకళ్లకే కలిసి రాకూడదని ఆ ఏర్పాటు. ఓవర్‌టైమ్‌లోనూ తేలక షూటౌట్‌కి, అంటే ఒక్కో ఆటగాడు ఒంటరిగా గోలీ మీదికి వెళ్లి కొట్టే దానికి, వెళ్లింది. బోజాక్ కొట్టాడు. 3-2, మేమే గెలిచాం. నేను గొంతు పోయేలా అరిచాను. బావమరిది చాలాసేపు కూర్చునే ఉన్నాడు, వాడి భుజాల మీద మంచు రెండు వేళ్ల మందాన పేరుకుంది. మా వాడు వెళ్లి "మావయ్యా, మీ వాళ్లు కూడా బాగా ఆడారు" అంటూ అది దులిపాడు.

కారు దగ్గరికి నడిచి, అక్కడి నుంచి కదలడానికి గంటన్నర. అప్పుడు మా ఆవిడ డిక్కీలోంచి పెద్ద ఫ్లాస్క్ తీసింది. పొద్దున హోటల్ గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్‌లో పెట్టిన మిరియాల చారు. కూడా పులిహోర. స్టేడియంలో హాట్ చాక్లెట్ కోసం నలభై నిమిషాలు నిలబడి ఆరు డాలర్లు పెట్టి కొన్నది చేతికొచ్చేసరికే చల్లారింది. ఈ చారు గొంతులోకి దిగుతుంటే కాళ్ల దాకా వేడి పాకింది. ఇంటావిడకీ ఒక కప్పు ఇచ్చాం. కారానికి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా కప్పు ఖాళీ చేసి ఇంకొంచెం అడిగింది. ఇరవై ఏళ్లలో నేను తాగిన చారుల్లో అదే గొప్పది.

జనవరి 2న నోవైలో వేంకటేశ్వర స్వామి గుడికి వెళ్లి, మా ఆవిడ మొక్కు తీర్చుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాం.

ఇక టీవీ సంగతి. కెనడాలో సీబీసీ, అమెరికాలో ఎన్‌బీసీ ప్రసారం చేశాయి. రెండు దేశాల్లో కలిపి 80 లక్షల మందికి పైగా చూశారట. నేను సీబీసీది రికార్డు పెట్టుకుని వెళ్లాను, బావమరిది ఎన్‌బీసీది. స్టేడియంలో చూసినవాళ్లు కూడా ఇంటికొచ్చి రికార్డింగ్ తప్పకుండా చూడాలి, లేకపోతే సగం మ్యాచ్ చూసినట్టే. వాన్ రీమ్స్‌డైక్ పక్‌ని గాల్లోనే కొట్టి లోపలికి పంపాడని నాకు టీవీలో చూస్తేనే తెలిసింది. మంచు మీద స్కేట్ల కరకరలు, గోలీ ముసుగు మీద పేరుకున్న మంచు, అవన్నీ కెమెరా చూపించింది. ఎన్‌బీసీలో మైక్ ఎమ్రిక్ వ్యాఖ్యానం నాకు ఇంకా నచ్చింది. పక్ కదిలిన ప్రతిసారీ ఆయన ఒక కొత్త క్రియ వాడేవాడు. పై నుంచి తీసిన షాట్‌లో ఎరుపు, నీలం కలిసే గీత చూసి, అక్కడే మనం అని మా వాడు తెర మీద వేలు పెట్టాడు.

శనివారం రాత్రి ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని బావమరిదీ నేనూ ఎవరి రికార్డింగ్ వాళ్లు చూశాం. షూటౌట్ వచ్చేసరికి వాడిది నాకంటే ఇరవై సెకన్లు వెనకబడింది. బోజాక్ గోల్ నా టీవీలో పడింది. మా వాడు అరవబోతుంటే నోరు మూసి పట్టుకున్నాను. అటు పక్క వాడు "ఆపరా హోవర్డ్, ఈసారైనా ఆపరా" అని తన గోలీని బతిమాలుకుంటున్నాడు.