టోక్యోలో పిల్లలతో ఒక్కరోజు షికార్లు: ఆరేళ్లు తిరిగాక

మేం ఉండేది తూర్పు టోక్యోలో, ఎదొగావా వార్డులోని నిషికసాయ్‌లో. 2000 ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ పనుల మీద వచ్చిన మనవాళ్లు ఒక్కొక్కరే చేరి, ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో నిలబడితే వెనక నుంచి తెలుగు వినబడే చోటు ఇది. వచ్చిన కొత్తలో ఆదివారం అంటే మాకు పెద్ద యుద్ధం. అసాకుసా, స్కైట్రీ, ఒదైబా, మూడూ ఒకే రోజు! మూడో చోటికి చేరేసరికి ఏడాది పిల్లాడు స్ట్రోలర్‌లో నిద్ర, మా ఆయన మొహం ముటముట, లిఫ్ట్ ఎక్కడుందో వెతుక్కుంటూ ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరికి నేను. ఇప్పుడు వాడికి ఏడేళ్లు, చెల్లికి మూడు. రోజుకి ఒకే చోటు, చేతిలో పులిహోర డబ్బా, నాలుగింటికల్లా ఇంటి దారి.

అలా తిరిగి తిరిగి మాకు మిగిలిన మొదటి చోటు కసాయ్ రింకాయ్ పార్కు. నిషికసాయ్ స్టేషన్ దగ్గర సిటీ బస్సెక్కితే సముద్రం ఒడ్డున దింపేస్తుంది. పార్కుకి టికెట్ లేదు. లోపలున్న అక్వేరియానికి పెద్దలకి 700 యెన్లు, ప్రైమరీ స్కూలు పిల్లల దాకా ఉచితం. అంటే మా నలుగురికీ కలిపి 1400. 1989లో కట్టిన అక్వేరియం, పైన గాజు గుమ్మటం, దాని కిందికి ఎస్కలేటర్ మీద దిగుతాం. మా వాడికి అసలు చోటు ట్యూనా చేపల గది. 2200 టన్నుల నీళ్లున్న తొట్టి గారె ఆకారంలో మన చుట్టూ ఉంటుంది, మధ్యలో మెట్ల మీద మనం. చీకట్లో వెండి రంగు చేపలు ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా. ట్యూనాకి ఈదడం ఆగితే మొప్పల్లోకి నీళ్లందవు, అందుకే నిద్రలోనూ ఈదుతుందని చెప్పినప్పటి నుంచి వాడు ఒక చేపని ఎంచుకుని, అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతాడు. నలభై దాటాక నేను వినడం మానేస్తాను. పక్కన జపనీస్ పెద్దాయన ఎవరో ఒకరు తప్పకుండా 'ఒయిషిసో' అంటారు, రుచిగా ఉండేలా ఉందని. అక్వేరియంలో ఆ మాటేంటో!

బయట 117 మీటర్ల జెయింట్ వీల్ ఉంది. విజయవాడ నుంచి మా అమ్మ వచ్చినప్పుడు ఎక్కించాం. సగం దూరం కళ్లు మూసుకునే కూర్చుంది. పైకెళ్లాక ఒక కన్ను తెరిచి, "అదేంటే, కోటలా ఉంది?" అంది. పక్క స్టేషన్‌లోని డిస్నీలాండ్ అది. డిస్నీకి ఆరేళ్లలో రెండుసార్లు వెళ్లాం. బాగుంటుంది, కానీ ఆ ఒక్కరోజు ఖర్చుతో మాకు ఇలాంటి ఆదివారాలు చాలా వస్తాయి. చలికాలం పొద్దున ఆకాశం తేటగా ఉంటే వీల్ మీంచి ఫుజి కూడా కనిపిస్తుంది. అక్వేరియానికి బుధవారం సెలవు, అది మాత్రం చూసుకోండి.

వాన రోజుకి మా జవాబు సబ్‌వే మ్యూజియం. కసాయ్ స్టేషన్ పక్కనే, పట్టాల కిందే ఉంటుంది. పెద్దలకి 220 యెన్లు, పిల్లలకి 100. 1927లో ఉయెనో, అసాకుసా మధ్య నడిచిన పసుప్పచ్చ రైలు పెట్టె ఉంది. రైలు నడిపే సిమ్యులేటర్ దగ్గర మా వాడు హ్యాండిల్ పట్టుకుంటే వాడి మొహం చూడాలి, ఆఫీసులో మా ఆయనకి కూడా అంత బాధ్యత ఉండదు. సోమవారం మూసేస్తారు. పెద్దలకి రెండు గంటలు చాలు, మూడోది బోర్.

చిన్నదానికైతే గ్యోసెన్ పార్కులోని చిన్న జూ. ఉచితం. ఎర్ర పాండాలు, పెంగ్విన్లు ఉన్నాయి, గినీ పందిని ఒళ్లో పెట్టుకోనిస్తారు. మా పాప దాన్ని ముట్టుకోవడానికి మూడు వారాలు తీసుకుంది, ఇప్పుడు వదలదు.

ఉయెనో జూ పెద్దది, ఆదివారం జనం కూడా అంతే. పెద్దలకి 600, పన్నెండేళ్ల వరకు ఉచితం. యుద్ధకాలంలో అక్కడి ఏనుగుల్ని చంపేశారు. తర్వాత ఏనుగు కావాలని జపాన్ పిల్లలు అడిగితే 1949లో నెహ్రూ తన కూతురి పేరు పెట్టి ఇందిర అనే ఏనుగుని పంపారు. 2020లో అక్కడే పుట్టిన పిల్ల ఏనుగు పేరు అరుణ్. థాయ్ పేరే గానీ, మా వాడు అరుస్తాడు, "అమ్మా, మన క్లాసు అరుణ్!" అని.

తిండి సంగతి. శాకాహారులైతే బయట తినడం టెన్షనే, ఉడాన్ పులుసులో కూడా చేప రసం ఉంటుంది. అందుకే డబ్బా. ఇక్కడ అందరూ నేల మీద పిక్నిక్ షీట్ పరిచి, చెప్పులు విప్పి కూర్చుంటారు, మనకి కొత్తేం కాదు. కానీ ఒక పార్కులో నేను చపాతీ రోల్ విప్పి పక్కకి తిరిగేలోగా కాకి వచ్చి రేకుతో సహా ఎత్తుకుపోయింది. టోక్యో కాకులు మన కాకుల కంటే పెద్దవి, పిండం పెడితే వచ్చే రకం కాదు, అడగకుండానే వస్తాయి. చెత్తడబ్బాలు దాదాపు ఉండవు, ఒక కవర్ పెట్టుకుంటే ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఆరేళ్ల లోపు పిల్లలు మనతో ఉంటే రైలు టికెట్ అక్కర్లేదు, ఆ పైన పదకొండేళ్ల దాకా సగం. ఆగస్టు ఉక్కలో ఎక్కడికీ వద్దు, వార్డు పార్కుల్లో మోకాలి లోతు లేని 'జబుజబు' చెరువులకి వెళ్లండి, డైపర్‌తో మాత్రం దింపనివ్వరు. ఒకసారి మాల్‌లోని ఒక ఇండోర్ ఆటస్థలానికి వెళ్లాం. అరగంటకి ఇంతని లెక్క, తేలేసరికి నలుగురికీ 5000 దాటింది, బిల్లు చూసి మా ఆయన మళ్లీ ఆ మాల్ వైపు రాలేదు.

అక్టోబరు 10న రింకాయ్ అక్వేరియం పుట్టినరోజు, ఆ రోజు అందరికీ ఉచితం. ఒకసారి పొద్దున్నే వెళ్లాం, గేటు దగ్గర జనాన్ని చూసి వెనక్కి తిరిగి, గడ్డి మీద షీట్ పరిచేశాం. ట్యూనాల లెక్క మాత్రం ఆ వారం ఇంట్లో కాగితం మీద సాగింది.