తెలుగు పాఠ్యాన్ని విప్పి చూపే సాధనాలు: కడప జిల్లా పాత పాఠాల పనిలో పరీక్షించి రాసిన సమీక్ష

కడప జిల్లా కైఫియత్తులను (ఊళ్ళ పాత వృత్తాంతాలను), శాసన పాఠాలను, పాత స్థానిక చరిత్ర పుస్తకాలను యూనికోడ్‌లోకి, అంటే ప్రతి అక్షరానికీ గుర్తుకూ ఒక సంఖ్యను సంకేతంగా ఇచ్చే ప్రమాణంలోకి, ఎక్కించే పనిలో టైపు చేయడం కంటే కష్టమైనది, టైపు చేసినది లోపల సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడం. తెరమీద అచ్చు గుద్దినట్టు ఒకేలా కనిపించే రెండు మాటలు వేర్వేరు సంకేతాలతో నిల్వ అయి ఉండవచ్చు. అప్పుడు ఒకటి వెతికితే రెండోది దొరకదు, అకారాదిగా పేర్చినప్పుడు ఊరిపేరు చోటు తప్పుతుంది. ఈ తేడాను బయటపెట్టే సాధనాలలో నేను తరచుగా వాడుతున్న వాటి మంచిచెడ్డలు ఇక్కడ రాస్తున్నాను.

'కైఫియత్తు' అనే మాటనే తీసుకుందాం. మొదటి అక్షరంలోని ఐత్వాన్ని 0సి48 (ఇలాంటి సంకేతాల్లో 'సి', 'డి' అన్నవి అంకెలుగా వాడే ఇంగ్లీషు అక్షరాలు) అనే ఒక్క సంకేతంతో రాయవచ్చు, లేదా ఎత్వానికి 0సి46, దానికి తోడు చేరే గుర్తుకు 0సి56 అని రెండు సంకేతాలతోనూ రాయవచ్చు. యూనికోడ్ ఈ రెండు రూపాలనూ సమానంగానే ఎంచుతుంది కాబట్టి నార్మలైజేషన్ (సమానమైన రూపాలను ఒకే రూపంలోకి మార్చడం) చేస్తే రెండూ ఒకటవుతాయి. అయితే తెలుగు విభాగంలో ఈ వెసులుబాటు ఉన్నది ఐత్వానికి మాత్రమే. ఏత్వాన్ని 0సి47తో రాయకుండా ఎత్వానికి 0సి55 అనే దీర్ఘపు గుర్తు తగిలించి రాస్తే, కొన్ని ఫాంట్లలో అది మామూలు ఏత్వంలాగే కనిపించినా ఏ నార్మలైజేషనూ దాన్ని సరిచేయదు. అనుస్వారానికి బదులు తెలుగు అంకె సున్న పడిన చోట్లు స్కాన్ నుంచి యంత్రం చదివి ఇచ్చిన పాఠ్యాల్లో కనిపిస్తాయి. మొదటిది 0సి02, రెండోది 0సి66, కంటికి మాత్రం రెండూ సున్నాలే. ఇక కంటికి అసలే కనిపించనిది 200సి, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు వకారం వత్తుగా కిందికి దిగకుండా ఆపేది అదే. ఒక్క అక్షరంలో ఇన్ని పొరలున్న లిపికి, ఆ పొరలన్నిటినీ వరుస తప్పకుండా చూపగలిగిన సాధనమే పనికొస్తుందన్నది నా అభిప్రాయం.

ఆ కొలతతో చూసినప్పుడు ముందు వరుసలో నిలిచేది ఆండ్రూ వెస్ట్ రూపొందించిన బాబెల్‌ప్యాడ్. ఇది ఉచితం, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. చూడటానికి సాదా నోట్‌ప్యాడ్‌లాగా ఉంటుంది గానీ, కర్సర్ ఎక్కడ ఉంటే అక్కడి సంకేతాన్నీ దాని యూనికోడ్ పేరునూ అడుగు పట్టీలో చూపుతుంది. నాకు అన్నిటికంటే ఉపయోగపడినది, అక్షరాలను కలపకుండా విడివిడిగా చూపే దాని సాదా ప్రదర్శన పద్ధతి. ఆ పద్ధతిలోకి మారగానే గుణింతపు గుర్తులు, పొల్లు, హల్లులు ఒక్కొక్కటిగా వరుసగా నిలబడతాయి. ఐత్వం ఒక సంకేతమా రెండా అన్నది కర్సర్ జరుపుతూ పోతేనే తెలిసిపోతుంది. నార్మలైజేషన్ కూడా అందులోనే ఉంది. ఫైలు మొత్తాన్ని ముందు పెట్టుకుని కూర్చుని దిద్దేవారికి నేను మొదట చెప్పేది దీని పేరే. లోటల్లా మెనూలు దట్టంగా ఉండటం. కొత్తవారికి కావలసిన చోటు దొరకడానికి కొంత ఓపిక కావాలి.

రిచర్డ్ ఇషిడా తయారుచేసిన యూనివ్యూ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కనుక ఏ కంప్యూటరులోనైనా వాడుకోవచ్చు. అనుమానం వచ్చిన మాటను అందులో అతికిస్తే అందులోని సంకేతాలను పేర్లతో సహా జాబితాగా ఇస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లను కూల్చిన తెలుగు అక్షరం సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాన్ని విప్పి చూస్తే జ, పొల్లు, ఞ, 200సి, ఆకారపు గుర్తు అని అయిదు సంకేతాలు బయటపడతాయి. ఒక్కొక్కటీ యూనికోడ్‌ను ఫైళ్ళలో నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు కాబట్టి మొత్తం పదిహేను బైట్లు. 'జ్ఞా' అని మామూలుగా రాసేటప్పుడు ఆ నాలుగోది అవసరమే లేదు. ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిదిద్దింది. ఇలాంటి ఒక్క మాటను, ఒక్క వాక్యాన్ని పరీక్షించడానికి యూనివ్యూను మించినది నాకు కనబడలేదు. పుస్తకమంతా అందులో అతికించి చూడటం మాత్రం దండగ శ్రమ.

పత్రాలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే కర్సర్‌కు ముందున్న అక్షరం సంకేతంగా మారుతుంది, మళ్ళీ నొక్కితే అక్షరమవుతుంది. అవసరానికి పనికొస్తుంది గానీ, అది మార్చేది మన అసలు పాఠ్యాన్నే కనుక నకలు పెట్టుకోకుండా వాడటం మంచిది కాదు.

ఫైళ్ళు పదులకొద్దీ ఉన్నప్పుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని యూనికోడ్‌డేటా మాడ్యూలు తప్ప వేరే దారి లేదు. నాలుగైదు వరుసల ప్రోగ్రాముతో ఏ సంకేతం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీయవచ్చు. ఆ లెక్కలో 0సి55, 0సి66 వంటివి అనుకోని చోట కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత అచ్చు పుస్తకాల్లో పదాంతంలో వచ్చే నకారపొల్లుకు 0సి5డి అనే ప్రత్యేక సంకేతం 2021లో, యూనికోడ్ 14తో వచ్చింది. పైథాన్ 3.10లో ఉన్నది యూనికోడ్ 13 కాబట్టి దాని పేరు అడిగితే తప్పు చూపి ఆగిపోతుంది, 3.11 నుంచి ఆ ఇబ్బంది లేదు. రేనాటి చోళుల నాటి కలమళ్ళ శాసనం వంటి పాఠాలకు కావలసిన ఴ అనే పాత తెలుగు అక్షరం 2014లో, యూనికోడ్ 7తోనే వచ్చింది కనుక దానికి ఈ చిక్కు రాదు. అది తెరమీద ఖాళీ డబ్బాగా కనిపిస్తే లోపం ఫాంట్‌లో ఉన్నదా, సంకేతంలో ఉన్నదా అన్నది పై సాధనాల్లో ఏదైనా క్షణంలో చెబుతుంది, ఈ ఒక్క సంగతికే ఎంతో సమయం మిగులుతుంది.

డీటీపీ కేంద్రాల నుంచి అను ఫాంట్లలో వచ్చే పాత ఫైళ్ళకు మాత్రం ఇవేవీ మందు కావు. ఆ ఫైళ్ళలో నిల్వ ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, తెలుగు ఆకారాలు తొడుక్కున్న ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. సాధనం నిజాయితీగా వాటి పేర్లే చెబుతుంది. ముందు కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాత పైథాన్‌తో లెక్క తీసి, తేడా కనిపించిన పుటలను బాబెల్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దుకోవాలి. విండోస్ లేనివారు ఆ చివరి పనిని యూనివ్యూలో వాక్యం వాక్యంగా చేసుకోవచ్చు.