హ్యాకైన అకౌంట్ తెప్పిస్తాం అనేవాళ్ళకి డబ్బులు కట్టకండి, నేను కట్టి మెయిల్ కూడా పోగొట్టుకున్నా

ఇన్‌స్టా అకౌంట్ పోయి, డబ్బులిస్తే తెచ్చిపెట్టేవాడు ఎవడైనా దొరుకుతాడా అని వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, పేమెంట్ చేసే ముందు ఒక్కసారి ఇది చదవండి ప్లీజ్.

మొదట అకౌంట్ పోవడం మాత్రం పూర్తిగా నా తెలివితక్కువతనమే, ఒప్పుకుంటా. ఫ్రెండ్ అకౌంట్ నుంచి మెసేజ్, "నాది లాక్ అయిపోయింది, నీకో లింక్ వస్తుంది, క్లిక్ చెయ్యకు, ఊరికే స్క్రీన్‌షాట్ తీసి పంపు చాలు" అని. క్లిక్ చెయ్యొద్దనే అంటోంది కదా ఇంకేం భయంలే అనుకుని పంపేశా. అది నా పాస్‌వర్డ్ మార్చే లింకు! ఫొటోలో కనబడే అక్షరాలన్నీ చూసుకుంటూ అవతల టైప్ చేసుకుని లోపలికి దూరిపోయాడు. నేను తేరుకునేలోపు మెయిల్ మార్చేశాడు, నంబర్ మార్చేశాడు, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్ కొట్టాక అడిగే రెండో కోడ్) కూడా వాడి ఫోన్‌కే పెట్టుకున్నాడు. మా ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే తన అకౌంట్ రెండు రోజుల క్రితమే పోయిందట.

కంగారులో "హ్యాక్ అయింది, ఎవరైనా హెల్ప్ చెయ్యండి" అని పబ్లిక్‌గా పెట్టా. నిమిషం తిరక్కుండా రిప్లైల మీద రిప్లైలు, అందరిదీ ఒకటే పాట, నాకూ ఇలాగే అయింది, ఫలానా ఆయన గంటలో తెప్పించాడు, ఆయనకి మెసేజ్ పెట్టండి అని. హ్యాక్ అనే మాట ఎక్కడ కనబడితే అక్కడ వాలిపోయే ఫేక్ అకౌంట్లు అవి, కానీ ఆ టైమ్‌లో నాకు దేవుడు పంపినట్టే అనిపించింది.

ఆ మహానుభావుడు ఎంత మర్యాదగా మాట్లాడాడో చెప్పలేను. మేడమ్, మేడమ్ అంటూ, "సగం ఇప్పుడు కట్టండి, మిగతాది అకౌంట్ మీ చేతికొచ్చాకే" అన్నాడు. కట్టా. కాసేపటికి ఒక స్క్రీన్‌షాట్ పంపాడు, నల్ల స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు, బైపాస్ 94 శాతం, కింద నా యూజర్ నేమ్. నా యూజర్ నేమ్‌లో రెండు అండర్‌స్కోర్లు ఉంటాయి, వాడి బొమ్మలో ఒకటే ఉంది. చూశా, అడిగా కూడా! "మా టూల్‌లో అలాగే కనబడుతుంది మేడమ్" అన్నాడు, నేను సరే అనుకున్నా. ఎందుకు అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు, అప్పటికే కట్టేశాను కదా, నమ్మకపోతే ఆ డబ్బు పోయినట్టేనని భయం కావచ్చు.

ఆ తర్వాత సర్వర్ ఛార్జీ అన్నాడు, ఆ తర్వాత కోడ్ రిలీజ్ ఫీజు, అది కూడా క్రిప్టోలోనే, అంటే బిట్‌కాయిన్ లాంటి దాంట్లోనే పంపాలట. క్రిప్టోలో పంపింది బ్యాంకుకి ఫోన్ చేసి ఆపించుకునేది కాదు, అందుకే అందులో అడుగుతారు. ఇంతా అయ్యాక ఆఖర్న "మీ జీమెయిల్‌కి సంబంధించి ఓటీపీ వస్తుంది, అది చెప్తే పనైపోతుంది" అన్నాడు. చెప్పా. ఆ రాత్రే మెయిల్ కూడా పోయింది. డబ్బు పోయినందుకు కూడా అంత ఏడవలేదు, మెయిల్‌లో నా బతుకంతా ఉంది.

ఇక వెనక్కి వచ్చిన సంగతి. పైసా ఖర్చు లేకుండా వచ్చింది, అదే కడుపుమంట. ముందు మెయిల్. జీమెయిల్‌లో వాడు రికవరీ నంబర్ (అకౌంట్ పోతే కోడ్ వచ్చే నంబర్) మార్చేసినా 7 రోజుల వరకు పాత నంబర్‌తో ట్రై చేసుకునే వీలుంది, కాబట్టి రోజులు పోనివ్వకండి. ఎప్పుడూ వాడే ల్యాప్‌టాప్‌లోనే, ఎప్పుడూ వాడే వైఫై మీదే చెయ్యండి, కొత్త ఫోన్ నుంచి చేస్తే మనల్నే దొంగ అనుకుంటుంది. మెయిల్ దొరికాక ట్రాష్‌లో చూస్తే, మీ ఈమెయిల్ మారింది, మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి అని ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళు పంపిన మెయిల్ ఉంది, వాడు డిలీట్ చేసేశాడు. నేను నొక్కేసరికి అది పనిచెయ్యలేదు, కానీ మీరు వెంటనే చూసుకుంటే దాంతోనే తేలిపోవచ్చు.

నాకు పనిచేసింది ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ పేజీ. అందులో వీడియో సెల్ఫీ అడుగుతుంది, తల అటూ ఇటూ తిప్పమంటుంది. మొదటిసారి రిజెక్ట్ అయింది, ట్యూబ్‌లైట్ కింద తీశా, మొహం సరిగ్గా పడలేదనుకుంటా. మర్నాడు కిటికీ పక్కన కూర్చుని తీస్తే ఓకే అయింది. అకౌంట్‌లో మన మొహం ఉన్న ఫొటోలు ఉంటేనే ఈ సెల్ఫీ దారి. లేకపోతే మొదట్లో సైనప్ చేసిన మెయిల్, నంబర్, ఏ ఫోన్‌లో చేశారు లాంటివి అడుగుతారు.

వచ్చాక పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి కూర్చోకండి. లాగిన్ అయి ఉన్న డివైస్‌లన్నీ తీసెయ్యండి, టూ ఫ్యాక్టర్‌లో వాడి యాప్ ఇంకా ఉందేమో చూడండి, బ్యాకప్ కోడ్లు (ఫోన్ దగ్గర లేనప్పుడు లాగిన్ అవ్వడానికి పనికొచ్చేవి) కొత్తవి తీసుకుని కాగితం మీద రాసుకోండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ (మన మెయిల్స్ ఇంకో అడ్రస్‌కి పోయేలా పెట్టేది) కూడా చూడండి, ఇది చాలామంది మర్చిపోతారు. నా దాంట్లో సెక్యూరిటీ అనే మాట ఉన్న మెయిల్స్ అన్నీ నేరుగా ట్రాష్‌కి పోయేలా పెట్టి వెళ్ళాడు వెధవ.

మొన్న ఇంకో ప్రొఫైల్ నుంచి మెసేజ్, "మేడమ్, రికవరీ పేరుతో మోసపోయిన వాళ్ళ డబ్బు మేం వెనక్కి ఇప్పిస్తాం, మీ కేసు మా దగ్గర ఉంది" అని, కింద నా యూజర్ నేమ్. అండర్‌స్కోర్ ఒకటే ఉంది.