ఇండీ 500కి పులిహోర డబ్బాతో వెళ్ళొచ్చాం

ఇండీ 500 అంటే అమెరికాలో ఇండియానాపోలిస్‌లో ఏటా జరిగే 500 మైళ్ళ కార్ల రేసు. టీవీలో చూసి గుండ్రంగా తిరగడమే కదా అనుకునేవాణ్ని, మా బావ నాలుగేళ్ళు పోరు పెడితే గానీ ఇండియానాపోలిస్ వెళ్ళలేదు. ఇప్పుడు నేనే అందరి బుర్రా తింటున్నా.

టర్న్ 1, అంటే ట్రాక్ మొదటి మలుపు దగ్గర పై వరసల్లో కూర్చున్నాం. 33 కార్లు, మూడేసి చొప్పున 11 వరసలు, పచ్చజెండా ఊపగానే ఒక్కసారి మీదకొచ్చేస్తుంటే ఆ సౌండు చెవిలో కాదండీ పొట్టలో తెలుస్తుంది. "ఒరేయ్ హెడ్‌ఫోన్ తియ్యకురా" అని బావ అరుస్తున్నాడు, నాకేమో వినపడదు. గంటకి 350 కిలోమీటర్లు దాటి పోతాయి కదా, పక్కకి తిరిగి ఏదో అనేలోపు మాయం, మళ్ళీ నలభై సెకన్లకి అక్కడే.

టికెట్ కొనేముందు ఒక మాట. ట్రాక్ రెండున్నర మైళ్ళు, ఎక్కడ కూర్చున్నా మొత్తం కనిపించదు, పెద్ద స్క్రీన్ ఎదురుగా ఉండే సీటు చూసుకోండి. కింది వరసలు చవకే గానీ ఫెన్స్ అడ్డం, రంగుల గీతలు తప్ప ఏం కనపడవు.

చిన్న కూలర్ లోపలికి రానిస్తారు, అది మాత్రం సూపర్. 120వ ల్యాప్‌లో ఎల్లో జెండా పడింది (ట్రాక్ మీద ఏదైనా ప్రమాదం ఉంటే కార్లన్నీ నెమ్మదించాలని ఊపేది), పులిహోర డబ్బా తీశాం, ముందు సీటు పెద్దాయన వాసనకి వెనక్కి తిరిగి మరీ అడిగి తిన్నాడు.

పార్కింగే దరిద్రం. ఒకళ్ళ ఇంటి లాన్‌లో డబ్బులిచ్చి పెడితే మా వెనక ఇంకో రెండు కార్లు ఇరికించారు, గెలిచినాయన పాలు తాగేసిన (ఇక్కడ గెలిస్తే పాలు తాగడం ఆనవాయితీ లెండి) రెండు గంటలక్కూడా మేం అక్కడే. వచ్చేసారి శుక్రవారం కార్బ్ డేకి, అంటే రేసుకి ముందు ఆఖరి ప్రాక్టీస్ రోజుకి కూడా వెళ్ళాలి, పిట్ స్టాప్ పోటీలు (కారు టైర్లు ఎవరు తొందరగా మారుస్తారని) ఆ రోజేనట.