కీబోర్డు ఫ్యాన్ మార్చి మూడేళ్లు: మోత ఎంత తగ్గింది?

మ్యూజిక్ వర్క్‌స్టేషన్ (పాట మొత్తం తనలోనే కట్టుకోగలిగే సంగీత కీబోర్డు) కొన్న కొత్తలో ఫ్యాన్ మోత నా చెవిన పడనే లేదు. ఎప్పుడూ హెడ్‌ఫోన్స్‌తోనే వాయించేవాణ్ణి. పక్కన చిన్న చప్పుడునూ పట్టేసే కండెన్సర్ మైకు పెట్టి పాట రికార్డు చేసిన రోజు బయటపడింది. చరణానికీ చరణానికీ మధ్య ఖాళీలో ఒకటే రొద. పియానో స్వరం సన్నగిల్లుతూ ఆగిపోయే ఆ చివరి రెండు సెకన్లూ ఫ్యాన్ మింగేసింది.

ఇలాంటి కీబోర్డు లోపల ఉండేది దాదాపు ఒక కంప్యూటరే, అందుకే ఫ్యాన్ పీకి పారేయలేం. ముందు అడ్డదారి తొక్కాను. పాత ఫ్యాన్ తీగకే రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న భాగం) వేసి 12 వోల్టులను 7కు దించాను. మోత తగ్గింది, సంబరపడ్డాను. పది రోజులకు, రెండు గంటలు వాయించాక స్క్రీన్ బిగుసుకుపోయింది. విప్పి చూస్తే ఫ్యాన్ తిరగడమే లేదు. బేరింగ్ అరిగిపోయింది, 7 వోల్టులతో కదిలే సత్తువ దానికి లేదు. సేవ్ చేయని సీక్వెన్స్ (కీబోర్డులో వాయించి పెట్టుకున్న ట్రాకు) కాస్తా గాల్లో కలిసింది.

ఈసారి బుద్ధిగా, అదే 60 మి.మీ. సైజులో, ఫ్లూయిడ్ బేరింగ్‌తో (నూనె పొర మీద తిరిగే రకం) కాస్త నెమ్మదిగా తిరిగే కొత్త ఫ్యాన్ తెచ్చాను. వేగం సగమైతే గాలి సగం తగ్గుతుంది, శబ్దమైతే సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అలాగని మరీ నెమ్మదైనది వద్దు, లోపలి కెపాసిటర్ల ఆయుష్షు వేడికి కరిగిపోతుంది.

జాయ్‌స్టిక్ నలగకుండా రెండు చివర్లా ఫోమ్ ముక్కలు పెట్టి కీబోర్డును బోర్లించాను. మరలు మూడు పొడవులవి. కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చుకుంటూ పోయాను. ఇదొక్కటీ చేయకపోతే బిగించేటప్పుడు ఏడుపొస్తుంది. కొత్త ఫ్యాన్ కనెక్టర్ పెద్దది, బోర్డులో పట్టలేదు. పాత కనెక్టర్‌ను కోసి, కొత్త తీగలకు టంకం పెట్టాను: నలుపుకు నలుపు, ఎరుపుకు ఎరుపు. పసుపు తీగ వేగం సంగతి బోర్డుకు చెప్పేది, అనవసరమని వదిలేయకండి. కొన్ని బోర్డులు అది అందకపోతే ఫ్యాన్ చచ్చిందనుకుంటాయి.

ఇంతా చేస్తే మోత సగమే తగ్గింది. విసుగొచ్చి అడుగు రేకు మీద అరచేయి ఆనించాను. హమ్ ఠక్కున మారిపోయింది! రేకు డప్పులా మోగుతోందన్నమాట. ఇనుప మరలు తీసేసి సిలికాన్ పిన్నులతో ఫ్యాన్‌ను బిగించాను. అసలు తేడా అక్కడ వచ్చింది. ఇప్పుడైతే ఫ్యాన్ కొనకముందే ఈ అరచేయి పరీక్ష చేసేవాణ్ణి.

మూడేళ్లలో మళ్లీ ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. రెండో ఏట ఒక పిన్ను తెగి గరగర మొదలైంది, మార్చేశాను. ఆరు నెలలకోసారి దుమ్ము ఊదుతాను, రెక్కలను వేలితో పట్టుకునే సుమా! వాటిని గిర్రున తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది. వారంటీ ఉన్నవాళ్లు, స్టేజీ మీదే వాయించేవాళ్లు ఈ జోలికి రాకపోవడమే మేలు.

ఫ్యాన్ సద్దుమణిగాక కొత్తగా పవర్ సప్లై నుంచి సన్నటి కీచుమనే శబ్దం వినిపిస్తోంది. దాన్నేం చేయలేక, మైకును కీబోర్డు రెండో చివరకు జరిపి రికార్డు చేసుకుంటున్నాను.